ఎడమచేతికి ఒక పుస్తకం

ఆంధ్రప్రదేశ్ భాషా, సాంస్కృతిక శాఖ పెద్దలకు,



మాది ఏలూరు జిల్లా కైకలూరు మండలంలో పెద్దింట్లమ్మ తల్లి కొలువున్న కొల్లేటికోట. నేను చేపల చెరువుల దగ్గర లెక్కలు రాసే గుమస్తాని. పగలంతా మేత బస్తాలు, ఐసు, లారీ కిరాయిలు. రాత్రి భోజనాలయ్యాక అరవై ఒక్క మెట్ల కీబోర్డు ముందు కూర్చుంటాను. కొన్నేళ్ళుగా నేర్చుకుంటున్నది జాజ్, అందులోనూ సోలో పియానో.

ఇదేం పిచ్చిరా అని మావాళ్ళడిగితే హరికథతో పోల్చి చెబుతాను. పక్కవాద్యాలు ఉన్నా లేకున్నా హరిదాసు ఒక్కడే లెక్క. కథ ఆయనే చెప్పాలి, పాట ఆయనే పాడాలి, చేతిలో చిడతలు, కాళ్ళకి గజ్జెలు. జనం కునికిపాట్లు పడుతుంటే పిట్టకథ కూడా అప్పటికప్పుడు ఆయనే అల్లాలి. సోలో పియానో కూడా అంతే. ఎడమచేయి తాళమూ శ్రుతీ చూసుకుంటుంది, కుడిచేయి పాడుతుంది. కాసేపటికి పాటని వదిలి పిట్టకథలోకి దిగుతుంది, మళ్ళీ అసలు కథ దగ్గరికొచ్చి చేరుతుంది. పియానోకి బేస్, డ్రమ్స్ తోడై ముగ్గురైతే అది బుర్రకథ.

నా సరదా గురించి మీకు ఉత్తరమెందుకంటే, నాకు ఒక పుస్తకం కావాలి. బజారులో దొరికేదయితే కొనుక్కునేవాణ్ణే. ఇంకా ఎవరూ వెయ్యని పుస్తకం అది. వెయ్యగలిగినవాళ్ళు మీరు. అది ఎలాంటిదో చెప్పాలంటే ముందు వరద రోజుల సంగతి చెప్పాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడని ముంచింది. ఆ నీళ్ళు చివరికి వచ్చి చేరేది మా కొల్లేట్లోకే. ఇక్కణ్ణుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి కనుక, అక్కడ వాన వెలిశాక కూడా ఇక్కడ లంకల చుట్టూ నీళ్ళు ఎక్కుతూనే ఉంటాయి. ఆ రోజుల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. నిద్ర పట్టక, అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన నాన్న హార్మోనియం దింపాను. నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. రెండు మెట్లు పలకలేదు, ఒకటి నొక్కితే పైకి లేవలేదు. మిగిలినవి బాగానే ఉన్నాయి.

అప్పటికి ఏడాదిగా నన్ను ఏడిపిస్తున్న పాట ‘ఆటమ్ లీవ్స్’. జాజ్ నేర్చుకునే ప్రతివాడూ మొదట ఎక్కే మెట్టు అది. ముప్ఫై రెండు బార్ల, అంటే తాళపు గళ్ళ, పాట. వరస కట్టిన జోసెఫ్ కోస్మా హంగేరీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడినవాడు. మొదటి మాటలు ఫ్రెంచివి. జానీ మెర్సర్ ఇంగ్లీషు మాటలు రాశాక అమెరికా దాన్ని సొంతం చేసుకుంది. నేనేమో పుస్తకంలో రాసిన ప్రతి కార్డులోనూ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) నాలుగు స్వరాలకి నాలుగూ వినపడాలని పట్టుబట్టేవాణ్ణి. ఎడమచెయ్యి గెంతులేసేది, పాట కుంటుతూ వెనకొచ్చేది. అంతకుముందు గ్రేడు పరీక్షలకి తయారుచేసిన గురువొకాయన, పుస్తకంలో ఉన్నది మాత్రమే నొక్కు, లేనిది ముట్టుకోకు అని వేళ్ళ మీద పెన్సిలుతో కొట్టేవారు. ఆ భయమూ వేళ్ళలోంచి ఇంకా పోలేదు.

హార్మోనియం దగ్గర ఒక చెయ్యి తిత్తికే పోతుంది. మిగిలింది కుడిచెయ్యి. అందులో పాటకి రెండు మూడు వేళ్ళు కావాలి. కార్డుకి మిగిలేవి రెండు. నాలుగు స్వరాల్లో ఏ రెండు ఉంచాలి, ఏ రెండు వదిలెయ్యాలి? లాంతరు వెలుతురులో అదీ నా పంచాయితీ.

జాజ్ పాటల్లో అడుగడుగునా ఎదురయ్యే నడక ఒకటుంది. ‘ఆటమ్ లీవ్స్’ మొదలయ్యేదే దాంతో. మన స్వరాల్లో, శంకరాభరణం మెట్ల మీద చెబుతాను. మొదట రి మీద కట్టిన కార్డు: రి-మ-ద-స. తర్వాత ప మీద కట్టినది: ప-ని-రి-మ. చివరికి స మీదికొచ్చి ఆగుతుంది: స-గ-ప-ని. మూడు కార్డులు, పన్నెండు స్వరాలు. ఇప్పుడు ఒక్కోదాంట్లో రెండోదీ నాలుగోదీ మాత్రం ఉంచుకోండి. మొదటిదాంట్లో మ, స. రెండోదాంట్లో ని, మ. మూడోదాంట్లో గ, ని. ఇక వేళ్ళకేసి చూడండి. మ మీది వేలు కదలక్కర్లేదు. స మీది వేలు ఆనుకునున్న ని మీదికి దిగితే చాలు, రెండో కార్డు వచ్చేసింది. ఈసారి ని కదలదు. మ తన పక్కనున్న గ మీదికి దిగితే మూడోది. ప్రతిసారీ ఒక్క వేలు, ఒక్క మెట్టు.

దోనె నడిపేవాణ్ణి చూడండి. మలుపు తిరగడానికి గెడ ఊడబెరికి వేరేచోట పాతడు. ఉన్నచోటే కాస్త వాలుస్తాడు, దోనె ముక్కు తిరుగుతుంది. నేను ఏడాదిగా గెడ పీకి పాతుతున్నాను. ఆ రాత్రి మొదటిసారి వాల్చాను. పాట కుంటడం మానేసింది.

ఇది నా కనిపెట్టుడేమీ కాదని తర్వాత తెలిసింది. 1940ల్లో న్యూయార్కులో జాజ్ పియానిస్టు బడ్ పావెల్ ఎడమచేతిది కూడా ఇలాంటి పొదుపే. కానీ నాకు దాన్ని నేర్పింది న్యూయార్కు కాదు, రెండు మెట్లు పలకని నాన్న పెట్టె. ఆయన వాయించే తీరు అప్పుడు గుర్తుకొచ్చింది, మొదటిసారి అర్థం కూడా అయింది.

స్టేజీకి ఓ పక్కన కూర్చునేవాడు. కళ్ళు మెట్ల మీద ఉండేవి కావు, నటుడి గొంతు మీద ఉండేవి. పద్యం చివర రాగం తీస్తుంటే అరశ్వాస వెనకగా తోడెళ్ళేవాడు. నటుడు ఊపిరి పీల్చుకునే ఖాళీలో నాలుగు స్వరాలు విసిరి, వాటిలో ఒకదాని మీద ఆగేవాడు. నటుడు తర్వాతి సంగతి ఆ స్వరం మీంచే ఎత్తుకునేవాడు. జనం ‘వన్స్ మోర్’ అంటే పద్యం మళ్ళీ అదే, రాగం మాత్రం ఇంకో దారిన పోయేది. నాన్న ముందు కాగితమనేది ఎప్పుడూ లేదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడితే కృష్ణుడి వేషం ఒక్కరే వెయ్యరు కనుక ఒకటో కృష్ణుడి శ్రుతి ఒకటి, రెండో కృష్ణుడి శ్రుతి ఇంకొకటి, అర్జునుడిది మరొకటి. తెర పడి లేచేలోగా చేతులు కొత్త శ్రుతికి సర్దుకోవాలి. ప్రతి పాటనీ పన్నెండు శ్రుతుల్లో వాయించి రండి అని జాజ్ గురువులు శిష్యుల్ని సతాయిస్తారు. నాన్నకి అది సాధన కాదు, ఆ రాత్రి కూలి.

ఇంతటి పనితనం చూపించే హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. కారణం మీకు తెలిసిందే. మెట్లవాద్యం మీద గమకం పలకదు. రెండు మెట్ల మధ్య ఉన్న చోటికి వేలు పోలేదు. ఆ మాట నిజం, పియానోకీ వర్తిస్తుంది. అయితే ఆ చిక్కుని పియానో వాళ్ళు రెండు రకాలుగా దాటారు. థెలోనియస్ మాంక్ ఆనుకునున్న రెండు మెట్లు ఒకేసారి నొక్కేవాడు. వాటి మధ్య ఎక్కడో ఉన్న స్వరాన్ని వినేవాడి చెవే వెతుక్కుంటుంది. రెండో ఉపాయం ఇంకా లోతైనది: స్వరాన్ని కదపలేకపోతే దాని కింద నేలని కదపడం.

మన సంగీతంలో తంబురా ఒకచోట స్థిరంగా ఉంటుంది, పాడేవాడు దాని చుట్టూ తిరుగుతాడు. జాజ్‌లో ఎడమచెయ్యి నేలనే మారుస్తూ పోతుంది. మా కొల్లేటివాళ్ళకి ఇది తేలిగ్గానే బోధపడుతుంది. మేము కదలకుండా ఉన్నచోటే ఉంటాం. నీళ్ళు రెండడుగులు ఎక్కితే అదే ఇల్లు లంకలో ఉంటుంది, దిగితే చేలో ఉంటుంది.

హిందోళం తీసుకుందాం. త్యాగరాజస్వామి ‘సామజవరగమన’ అందరి చెవుల్లోనూ ఉన్నదే. హిందోళంలో రి లేదు, ప లేదు. ప లేకపోతే స మీద మామూలు కార్డు నిలబడదు. బయటి నుంచి ప తెచ్చి కలిపితే రాగం చెడుతుంది. మా చుట్టుపక్కల కీబోర్డు కుర్రాళ్ళు చేసేది అదే. అది విని పెద్దలు చెవులు మూసుకోవడంలోనూ తప్పులేదు. నాకు ఇక్కడ నాలుగు నెలలు పట్టింది. చివరికి దారి రాగంలోనే దొరికింది. పాట స మీద ఆగినప్పుడు ఎడమచేత్తో స కార్డు వెయ్యకూడదు. మ-ద-స వేస్తే పైనున్న స కాస్త చీకటిగా, దిగులుగా వినిపిస్తుంది. అదే స కింద ద-స-గ వేస్తే కిటికీ తెరిచినట్టుంటుంది. ని-గ-మ వేస్తే ఎటూ వాలకుండా గాల్లో వేలాడుతుంది. కుడిచేతి వేలు కదల్లేదు, రాగంలో లేని స్వరం ఒక్కటీ రాలేదు, స మాత్రం మూడు ముఖాలు చూపించింది. గమకం చేసే పనంతా ఇది చేస్తుందనను. గమకం చెయ్యని పనొకటి చేస్తుంది.

స్వింగు అంటారే, ఆ ఊపు కూడా మనకి పరాయిది కాదు. రెండు అరస్వరాలు రాసుంటే మొదటిది సాగదీసి, రెండోది చిటికెలో వదిలెయ్యాలి. తిశ్ర నడలో తకిట చెబుతూ మొదటి రెండక్షరాలూ ఒకే స్వరంగా పట్టుకుంటే దాదాపు అదే. కల్పనస్వరాలు ఎంత దూరం పోయినా ఎడుపు దగ్గరికి, అంటే పల్లవి ఎత్తుకున్న చోటికి, వచ్చి పడాలి. ముప్ఫై రెండు బార్లు ఎంత తిరిగినా మొదటి బారు దగ్గరికి వచ్చి పడాలి. ఇవన్నీ మన పిల్లలకి సగం వచ్చినవే. ఎవరూ రెండు సగాలూ కలిపి చూపించకపోవడమే లోటు.

ఇప్పుడు పుస్తకం సంగతి.

జాజ్ స్టాండర్డ్ అంటే ఏదో గొప్ప శాస్త్రీయ కృతి అనుకునేవాణ్ణి. చాలావరకు అవి నాటకాల పాటలు, సినిమా పాటలు. ‘ఆల్ ది థింగ్స్ యు ఆర్’ 1939లో జెరోమ్ కెర్న్ ఒక బ్రాడ్‌వే నాటకానికి కట్టిన పాట. నాటకం అరవై ఆటలైనా ఆడలేదు. పాటని మాత్రం ఎనభై ఏళ్ళు దాటినా వాయిస్తూనే ఉన్నారు. ‘సమ్మర్‌టైమ్’ 1935 నాటి ఆపెరాది. ‘మై ఫేవరెట్ థింగ్స్’ 1959లో స్టేజీ ఎక్కితే మరుసటి ఏడాదే జాజ్ వాద్యగాడు జాన్ కోల్ట్రేన్ దాన్ని తన దారికి తిప్పుకున్నాడు. నాటకం పోయినా పాట మిగలడం, జనం నోట్లో నానిన పాటని వాద్యగాడు తన ఇష్టం వచ్చినట్టు మలుచుకోవడం: స్టాండర్డంటే ఇంతే. ఆ లెక్కన మనకున్నన్ని స్టాండర్డులు ఎవరికున్నాయి?

వాళ్ళకున్నదీ మనకి లేనిదీ పుస్తకం. 1970ల నడుమ బోస్టన్‌లో బర్క్లీ సంగీత కళాశాల కుర్రాళ్ళు ‘ది రియల్ బుక్’ అని ఒకటి తయారుచేశారు. చాలా పాటలకి ఒక్కటే పేజీ. పైన వరస, దాని మీద కార్డుల పేర్లు. ఎలా వాయించాలో ఒక్క ముక్క ఉండదు. హక్కుల అనుమతి లేకుండా వేశారు కనుక చాటుమాటుగా చేతులు మారేది. 2004లో గానీ హక్కుల రుసుములు కట్టి దొరబాబులా బయటికి రాలేదు. ముక్కూ మొహం తెలియని నలుగురు వాద్యగాళ్ళు ఒకచోట కూర్చుని, రిహార్సలు లేకుండా ఒకే పాట ఎత్తుకోగలగడం వెనక ఈ పుస్తకం కూడా ఉంది. పుస్తకం అస్థిపంజరం ఇస్తుంది, రక్తమాంసాలు ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు.

మీకు నా విన్నపాలు మూడు.

మొదటిది, వంద తెలుగు పాటలతో అలాంటి పుస్తకం వెయ్యండి. పాటకో పేజీ. వరస మన స్వరాల్లోనూ, పక్కనే పాశ్చాత్య నొటేషన్‌లోనూ ఉండాలి. పైన కార్డుల పేర్లు. రాగంలో ఉన్న పాటైతే ఏ స్వరం ఎడమచేతికి నిషిద్ధమో అడుగున ఒక్క వాక్యం. హక్కుల తలనొప్పి ఉంటుందని తెలుసు. స్వరకర్త పోయాక అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి కనుక సినిమా పాటలకి అనుమతులూ రుసుములూ తప్పవు. అన్నమయ్య పదాలు పాతవైనా మనం పాడుకునే వరసలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి కాబట్టి అక్కడా చూసుకోవాలి. అందుకే త్యాగరాజ కృతులు, ఏలపాటలు, జోలపాటలు, తత్త్వాలు, నాటకాల వరసలతో మొదటి సంపుటం మొదలుపెట్టండి. సినిమా పాటలు రెండో సంపుటానికి.

రెండోది, ఊరూరా మిగిలున్న నాటకాల హార్మోనియం మేస్టర్లని పిలిపించి రికార్డు చెయ్యండి. పాట ఒక్కటే కాదు, చేతులు కూడా కనపడేట్టు. నటుడు ఊపిరి పీల్చుకున్నప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తుందో అదే మనకి కావలసిన పాఠం. మా నాన్నది ఒక్క క్యాసెట్టు కూడా లేదు. ఆ తప్పు నాదే. రికార్డు చెయ్యాలని తోచేసరికి ఆయన చెయ్యి వణకడం మొదలైంది, తర్వాత మనిషే లేడు.

మూడోది, 1919 నాటి విజయనగరం కళాశాల దగ్గర్నుంచి విజయవాడలో ఘంటసాల గారి పేరు పెట్టిన కళాశాల దాకా, ప్రభుత్వ సంగీత కళాశాలల్లో కీబోర్డు మీద పాటకి కార్డులు అల్లడాన్ని ఒక పేపరు చెయ్యండి. పరీక్షలో ఒక వరస ఇచ్చి, దీన్ని మూడు శ్రుతుల్లో మూడు రకాలుగా వాయించు అనండి. బట్టీ పట్టడానికి వీల్లేని పరీక్ష అది.

ఇవన్నీ ఎవరి కోసమని మీ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు. ఆదివారం పొద్దున్న ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా చర్చిల్లో కీబోర్డుల ముందు కూర్చునే కుర్రాళ్ళని చూడండి. పాస్టరు గారు ఏ పాట ఎత్తుకుంటారో, ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ముందు తెలియదు. రెండో పాదం అయ్యేసరికి వీళ్ళు దొరకబుచ్చుకుంటారు. ఫాల్గుణంలో మా పెద్దింట్లమ్మ జాతరకి ఆర్కెస్ట్రాలతో వచ్చేవాళ్ళూ అంతే. చెవి ఉంది, తెగింపు ఉంది. నాలుగు కార్డుల దగ్గర ఆగిపోతున్నారు, ఐదోది చూపించేవాళ్ళు లేక. వాళ్ళందరి కోసం.

పాశ్చాత్యం మనకెందుకు అనేవాళ్ళకి పాలకొల్లు పేరు చెబితే సరిపోతుంది. అక్కడ 1969లో పుట్టిన పిల్లవాడు విదేశీ మాండొలిన్‌ని పట్టుకుని దాంట్లోంచి త్యాగరాజుని పలికించాడు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పెద్దయ్యాక జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ రిమెంబర్ శక్తి బృందంలో కూర్చున్నాడు. మాండొలిన్ శ్రీనివాస్ గారు జాజ్ వాళ్ళ మధ్య కూర్చున్నా మన సంగీతాన్ని వదల్లేదు.  పరాయి వాద్యం మనది కావడానికి ఒక్క తరం చాలిందక్కడ.

పియానోలు కొనిపెట్టమని అడగడం లేదు. కొల్లేటి గాలికి తీగలు తుప్పు పడతాయి, చెక్క ఉబ్బుతుంది. అయినా వాద్యం బాగుంటేనే సంగీతం వస్తుందని లేదు. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో జాజ్ పియానిస్టు కీత్ జారెట్‌కి దొరికింది అడిగిన పెద్ద పియానో కాదు. చిన్నది, పైమెట్లు కీచుమనేవి, కిందివాటికి బలం లేదు. ఆయన ఎక్కువగా మధ్య మెట్ల మీదే తిరుగుతూ గంటకు పైగా అప్పటికప్పుడు అల్లాడు. సోలో పియానో రికార్డుల్లో అంతగా అమ్ముడుపోయినవి అరుదు. మధ్య మెట్లు మా కీబోర్డులకీ ఉన్నాయి. రెండు మెట్లు పలకని నాన్న హార్మోనియానికీ ఉన్నాయి.

ఈ ఉత్తరంతో పాటు పన్నెండు పాటల పేజీలు పంపుతున్నాను. నాలుగు జోలపాటలు, మూడు తత్త్వాలు, రెండు కృతులు, నాన్న వాయించగా నా చెవిలో మిగిలిన మూడు పద్యాల వరసలు. లెక్కల పుస్తకంలో కాగితాలు చించి రాసినవి కనుక వెనకవైపు మేత బస్తాల పద్దులు కనిపిస్తాయి, ఏమీ అనుకోకండి. హిందోళం పేజీలో ఐదో బారు కార్డు మీద నాకే నమ్మకం లేదు. మీ దగ్గర తెలిసినవాళ్ళెవరైనా ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపితే, పుస్తకంలో మొదటి పేజీ అయినట్టే.

ఇట్లు,
కొల్లేటికోట నుంచి ఒక కీబోర్డు విద్యార్థి